రెండెకరాల చెలక, ఒక ఇమ్యునో సూది

మా పెద్దనాయిన బయాప్సీ రిపోర్టు వచ్చిన రోజు రాత్రి, నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలోని మా ఊళ్లో, వాళ్లింటి అరుగు మీద ఎనిమిది మందిమి కూర్చున్నాం. ఆయన లోపల మంచం మీద ఉన్నాడు. నిద్రపోయాడని అందరం అనుకున్నాం. అనుకున్నట్టు నటించాం అంటేనే నిజం.

"రోడ్డు పక్క రెండెకరాల చెలక తీసేద్దాం. ఇమ్యునో అని ఒకటొచ్చిందట. నాయిన కంటె భూమి ఎక్కువనా?" అన్నాడు అన్న, అంటే పెద్దనాయిన కొడుకు.

"డెబ్బై ఆరేండ్లు నిండినయి బామ్మర్దీ. ఈ వయసుల సూదులేంది, హైదరాబాదు తిరుగుడేంది? ఇంట్లనే మంచిగ చూసుకుందాం" అన్నాడు బావ.

ఇద్దరూ ప్రేమతోనే అన్నారు. ఇద్దరి లెక్కా తప్పే. ఒకరు భూమిని బట్టి తేల్చేశారు, ఇంకొకరు వయసును బట్టి. ఆ రాత్రి మా చేతిలో ఉన్నది ఊపిరితిత్తుల్లో కాన్సర్ ఉందని చెప్పే ఒక్క కాగితం మాత్రమే. ఇమ్యునోథెరపీ, అంటే ఒంట్లోని రక్షక కణాలనే కాన్సర్ మీదకు ఉసిగొల్పే వైద్యం, ఈ మనిషికి పనికొస్తుందా రాదా అని చెప్పే పరీక్ష అప్పటికి ఎవరూ చేయించలేదు. చేయించాలని మాలో ఎవరికీ తెలియదు.

నేను నల్లగొండలో ఇంటర్ పిల్లలకు బాటనీ చెబుతాను. డాక్టర్ని కాదు. కానీ పెద్దనాయినకు "ఆ సూది" వేయిస్తున్నామని చుట్టాల్లో తెలిసినప్పటి నుంచి ఫోన్లు వస్తున్నాయి. దేవరకొండ నుంచి, హాలియా నుంచి, అచ్చంపేట నుంచి. అందరిదీ ఒకటే ప్రశ్న: "మా నాయినకు డెబ్బై దాటినయి, ఇప్పియ్యొచ్చునా?" అడిగిన ప్రతివాళ్లకూ అరగంట చెప్పాల్సి వస్తోంది. అందుకే రాసి పెడుతున్నాను. నా మాట ముందే చెప్పేస్తాను: డెబ్బై దాటాయా లేదా అన్నది ఇక్కడ చివర అడగాల్సిన ప్రశ్న. మన ఇళ్లలో మొదట అడుగుతున్నది అదే.

ముందు ఈ రోగం మా ఇంటికి ఎలా తెలిసిందో చెప్పాలి, ఎందుకంటే సగం నష్టం అక్కడే జరుగుతుంది. పెద్దనాయిన పదిహేనో ఏట నుంచి బీడీ తాగేవాడు. గొర్ల వెంట తిరిగే మనిషికి బీడీ తోడు. దగ్గు ఎప్పుడూ ఉండేదే కాబట్టి దగ్గు మారిందని ఎవరూ గమనించలేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ రెండు నెలలు ఏవో సూదులు వేశాడు. తర్వాత ఎక్స్‌రేలో మచ్చ కనిపించింది. తెమడ పరీక్షలో టీబీ పురుగు లేదు, టీబీ జన్యు పరీక్ష ట్రూనాట్‌లోనూ రాలేదు. అయినా ఒక ప్రైవేటు క్లినిక్‌లో టీబీ మందులు మొదలుపెట్టారు. మన దగ్గర ఊపిరితిత్తిలో మచ్చ అంటే టీబీ అనే అలవాటు. ఆ అలవాటుకు కారణం ఉంది, టీబీ నిజంగానే ఎక్కువ. కానీ పరీక్షలో రాకపోయినా, మందులు వాడినా బరువు తగ్గుతూనే ఉంటే సీటీ తీయించమని అడగాలి. మాకు అది తెలిసేసరికి మూడు నెలలు పోయాయి. తెమడలో రక్తం జీర కనిపించాక, నల్లగొండలో సీటీ తీయిస్తే కుడి ఊపిరితిత్తిలో గడ్డ, దాని చుట్టూ నీరు. నీరు తీసి పరీక్షిస్తే అందులోనూ కాన్సర్ కణాలు. నాలుగో స్టేజీ.

ఇక హైదరాబాదులో మేము మొదట వెళ్లిన ఆస్పత్రి సంగతి. గేటు దగ్గర వీల్‌చెయిర్లు వరసగా పెట్టి ఉంటే, ముసలాయన ఎందుకు నడవాలి అని మేమే ఎక్కించాం. ఆ కుర్చీ మాకు ఎంత నష్టం చేసిందో తర్వాత అర్థమైంది. లోపల కుర్రడాక్టరు ఆయనను చూశాడు. నడుం వంగిపోయి, మెడ తిప్పలేక, మోకాళ్లు చాపలేక, వీల్‌చెయిర్లో ఒక పక్కకు ఒరిగి ఉన్న డెబ్బై ఆరేళ్ల మనిషి. ఫైల్లో ఏదో అంకె రాశాడు. సీనియర్ డాక్టరు ఆ అంకె చూసి, "కీమో తట్టుకోలేరు, ఇంటికి తీసుకెళ్లి మంచిగా చూసుకోండి" అన్నారు. మూడు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆ అంకె ఏమిటో తర్వాత తెలుసుకున్నాను. రోగి తన పనులు తాను ఎంతవరకు చేసుకోగలడో 0 నుంచి 4 దాకా వేస్తారు. సున్నా అంటే మామూలు మనిషి. 2 అంటే కూలికీ పొలానికీ పోలేడు కానీ తన స్నానం, తన తిండి తాను చూసుకుంటాడు, పగలు సగానికి పైగా మంచం దిగే ఉంటాడు. 3 అంటే సగానికి పైగా మంచంలోనో కుర్చీలోనో. 4 అంటే పూర్తిగా మంచానికే. కాన్సర్ డాక్టర్ల నిర్ణయాలు చాలావరకు ఈ అంకె మీదే నడుస్తాయి, నడవాలి కూడా. మా పెద్దనాయినకు వేసింది 3.

కానీ మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు మండలాల్లో డెబ్బై దాటిన మనుషులను మీరు చూశారా? చిన్నప్పటి నుంచి ఫ్లోరైడ్ బోరునీళ్లు తాగి పెరిగిన ఒళ్లు అవి. వెన్నెముక కర్రలా బిగుసుకుపోతుంది, నడుం వంగుతుంది, మెడ తిప్పాలంటే మనిషి మొత్తం తిరగాలి. పెద్దనాయిన ముప్పై ఏళ్లుగా అలాగే ఉన్నాడు. అలా వంగి ఉండే రోజూ పొద్దున్నే మందను దొడ్లోంచి తోలేవాడు. రోగం బయటపడ్డ వారంలో కూడా ఒడ్ల మీద మేకలకు మేత కోసుకొచ్చాడు. ఆయన అంకె 1 కాకపోతే 2. వంగిన నడుం కాన్సర్ ఇచ్చింది కాదు, వయసు ఇచ్చిందీ కాదు. మా నీళ్లు ఇచ్చింది. ఆ కుర్రడాక్టరుది పూర్తిగా తప్పని నేను అనను, మేము వీల్‌చెయిర్లో తెచ్చి చూపిస్తే ఆయన మాత్రం ఏం చేస్తాడు? కానీ ఒక్క ప్రశ్న అడిగి ఉండొచ్చు: "నెల కింద ఈయన ఇంట్లో ఏం పని చేసేవాడు?"

ఇంకో సంగతి, మా వైపు వాళ్లు తప్పక గుర్తుపెట్టుకోవాలి. ఫ్లోరోసిస్ ఉన్నవాళ్లకు బోన్ స్కాన్ తీస్తే ఒంట్లో ఎముకలన్నీ ఒక్కలా వెలిగిపోయి కనిపించొచ్చు. కాన్సర్ ఎముకలన్నిటికీ పాకినా దాదాపు అలాగే కనిపిస్తుంది. స్కాన్ రాసే డాక్టరుకు మన ఊరి పేరు తెలియకపోతే, తెలిసినా ఆ ఊరి నీళ్ల సంగతి తెలియకపోతే, లేని వ్యాప్తి కాగితం మీదకు ఎక్కొచ్చు. "మాది ఫ్లోరైడ్ ఊరు" అని ఫైలు మీద రాయించండి.

రెండో చోట కలిసిన డాక్టరమ్మ వీల్‌చెయిర్ దిగమంది. "నాలుగడుగులు నడవండి తాతా" అంది. నడిచాడు. తర్వాత ఒక చిన్న కాగితం తీసి ఎనిమిది ప్రశ్నలు అడిగింది. తిండి తగ్గిందా, బరువెంత తగ్గింది, ఇల్లు దాటి బయటకు తిరుగుతాడా, మతిమరుపు ఉందా, రోజుకు మూడు రకాల కంటే ఎక్కువ మందులు వాడతాడా, ఇలాంటివి. దీన్ని జీ8 అంటారు. మొత్తం 17 మార్కులకు 14, అంతకంటే తక్కువ వస్తే వయోవృద్ధుల వైద్యం తెలిసినవాళ్లు ఇంకా లోతుగా చూడాలని అర్థం. వయసు కూడా అందులో ఉంది, కానీ ఎనిమిదింటిలో ఒకటిగా. చివర్లో ఒక ప్రశ్న: "మీ ఈడువాళ్లతో పోలిస్తే మీ ఆరోగ్యం ఎట్లుంది?"

పెద్దనాయిన కాసేపు ఆలోచించాడు. "నా ఈడోళ్లు ఎవరున్నరు బిడ్డా, అందరు పోయిండ్రు" అన్నాడు.

డాక్టరమ్మ నవ్వి, ఆ గడిలో ఏం వేయాలో తెలియక పెన్ను పట్టుకుని ఆగిపోయింది. మంచి మార్కే వేసి ఉంటుందని నా అనుమానం.

ఆమె బయాప్సీ ముక్కను రెండు రకాల పరీక్షలకు పంపింది. ఒకటి ఈజీఎఫ్‌ఆర్, ఏఎల్‌కే లాంటి జన్యు మార్పుల కోసం. రెండోది పీడీ-ఎల్1. ఈ రెండో పేరు వినగానే అన్న, "అదేంది మేడం, అర్థమయ్యేటట్టు చెప్పుండ్రి" అన్నాడు. ఆమె పెద్దనాయిన వైపు తిరిగి, "మీకు గొర్లున్నాయటగా, కావలి కుక్క ఉందా?" అంది. మన రక్తంలో టీ కణాలు కావలి కుక్కల్లాంటివి. కాన్సర్ కణం కొన్నిసార్లు ఆ కుక్క నోరు కట్టేస్తుంది. ఆ తాడే పీడీ-ఎల్1. అది వెళ్లి టీ కణం మీదున్న పీడీ-1 అనే ముడికి తగులుకుంటుంది. ఇమ్యునో సూది కాన్సర్‌ను నేరుగా చంపదు, ఆ తాడు విప్పుతుంది, అంతే. పీడీ-1ను జపాన్‌లో తసుకు హోంజో బృందం 1992లో కనిపెట్టింది. ఇలాంటిదే ఇంకో తాడు మీద అమెరికాలో జేమ్స్ అలిసన్ పనిచేశాడు. 2018లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇచ్చారు.

అంతా విని పెద్దనాయిన అడిగాడు: "నోరిప్పిన కుక్క ఇంటోళ్లను గూడ కరుస్తది గద?"

ఈ మందు దుష్ఫలితాల మీద నేను తర్వాత చదివిన పేజీలన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

పది రోజులకు రిపోర్టు వచ్చింది. ఈజీఎఫ్‌ఆర్, ఏఎల్‌కే మార్పులు లేవు. పీడీ-ఎల్1 డెబ్బై శాతం. అంటే వంద కాన్సర్ కణాల్లో డెబ్బై ఆ తాడు పట్టుకుని ఉన్నాయి. యాభై దాటితే కీమో లేకుండా ఒక్క ఇమ్యునోతోనే మొదలుపెట్టొచ్చు. దీనికి ఆధారం కీనోట్-024 అనే ట్రయల్, అంటే రోగుల మీద మందులను పోల్చి చూసే అధ్యయనం, 305 మంది మీద చేసింది. అందరికీ పీడీ-ఎల్1 యాభై శాతం, ఆ పైనే. సగం మందికి పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునో సూది ఇచ్చారు, సగం మందికి కీమో. అయిదేళ్ల తర్వాత చూస్తే ఇమ్యునో వైపు వందకు 32 మంది బతికి ఉన్నారు, కీమో వైపు 16 మంది. నాలుగో స్టేజీ ఊపిరితిత్తుల కాన్సర్‌లో అయిదేళ్లు అనే మాటే అంతకు ముందు ఎవరూ ఎత్తేవాళ్లు కాదు.

"అది వయసులో ఉన్నోళ్ల సంగతి" అన్నాడు బావ. న్యాయమైన అనుమానమే. ట్రయల్స్‌లోకి ముసలివాళ్లను తక్కువగా తీసుకుంటారు, తీసుకున్నా గట్టిగా ఉన్నవాళ్లను ఏరి తీసుకుంటారు. అందుకే 2019లో కొందరు పరిశోధకులు మూడు ట్రయల్స్ నుంచి 75 దాటిన 264 మందిని విడదీసి లెక్క చూశారు. పీడీ-ఎల్1 యాభై దాటినవాళ్లలో కీమోతో పోలిస్తే చావు ముప్పు సగానికి పైగా తగ్గింది. తీవ్రమైన దుష్ఫలితాలు కీమో తీసుకున్నవాళ్లలో వందకు 61 మందికి, ఇమ్యునో తీసుకున్నవాళ్లలో 24 మందికి. అంటే ముసలితనం కారణంగా కీమో వద్దనుకున్న చోటే ఇమ్యునోకు ఎక్కువ అర్థం ఉంది. మన దగ్గర రెండింటినీ ఒకే గాటన కట్టి "ఈ వయసుల సూదులేంది" అనేస్తున్నాం.

అలాగని ఆశ కూడా ఎక్కువ అమ్మకూడదు. బలం లేని ముసలివాళ్ల మీదే ప్రత్యేకంగా చేసిన ట్రయల్ ఇప్సోస్. జోడు కీమో తట్టుకోలేరని తేల్చిన 453 మంది, వాళ్లలో దాదాపు సగం మంది 75 దాటినవాళ్లే. ఫలితాలు 2023లో వచ్చాయి. ఆయుష్షు మధ్యస్థ లెక్క, అంటే సగం మంది దాటిన కాలం, ఒక రకం కీమోతో 9.2 నెలలైతే అటెజోలిజుమాబ్ అనే ఇంకో ఇమ్యునో సూదితో 10.3. నెల రోజులు! ఇది చూసి "దీనికోసమా రెండెకరాలు" అనిపిస్తుంది. కానీ రెండేళ్లు బతికినవాళ్ల లెక్క చూస్తే అటు వందకు 12, ఇటు 24. సగటు మనిషికి పెద్దగా ఏమీ ఒరగలేదు, కొద్దిమందికి మాత్రం బాగా ఒరిగింది. ఆ కొద్దిమందిలో మన మనిషి ఉంటాడో లేదో ముందే చెప్పడానికి ఎక్కువగా వాడే పరీక్ష పీడీ-ఎల్1, అదీ సగం సగం చెబుతుంది. ఇమ్యునోకు కీమో కూడా కలిపి ఇద్దామని ఎవరైనా అంటే, 75 దాటినవాళ్ల విషయంలో ఒకటికి రెండుసార్లు అడగండి. పెద్ద ట్రయల్స్‌లో ఆ వయసువాళ్లు కొద్దిమందే, వాళ్లలో కలిపినందుకు వచ్చిన లాభం స్పష్టంగా కనిపించలేదు.

అన్న లాంటివాళ్ల పొరపాటుకు కూడా ఒక కథ చెప్పాలి. నాతో పనిచేసే మేడం వాళ్లత్తది మహబూబ్‌నగర్ వైపు. డెబ్బై ఒకటి, జన్మలో పొగ తాగలేదు, కానీ యాభై ఏళ్లు కట్టెల పొయ్యి ముందు కూర్చుంది. అదే రోగం, అదే స్టేజీ. కొడుకులు ముగ్గురూ పోటీపడి "బెస్ట్ మందు పెట్టండి డాక్టర్" అన్నారు. జన్యు పరీక్ష రిపోర్టు రాకముందే ఇమ్యునో రెండు డోసులు పడ్డాయి. తర్వాత రిపోర్టు వచ్చింది, ఈజీఎఫ్‌ఆర్ పాజిటివ్. మన దేశంలో ఈ రకం కాన్సర్ రోగుల్లో సుమారు నాలుగో వంతు మందికి ఈ మార్పు ఉంటుంది, పొగ తాగని ఆడవాళ్లలో ఇంకా ఎక్కువ. వీళ్లకు ఇమ్యునో సరిగా పనిచేయదు. చక్కగా పనిచేసేది నోట్లో వేసుకునే బిళ్ల. పాతతరం బిళ్ల జెఫిటినిబ్ అయితే నెలకు కొన్ని వేలల్లోనే వస్తుంది. ఇమ్యునో ఇచ్చిన కొద్దికాలానికే కొత్తతరం బిళ్ల ఓసిమెర్టినిబ్ మొదలుపెడితే ఊపిరితిత్తులు వాచే ప్రమాదం ఎక్కువని తెలిసిన సంగతే. ఆమెకు అదే జరిగింది. పన్నెండు రోజులు ఆక్సిజన్ మీద ఉండి బయటపడింది. ఆ రెండు డోసులకు పెట్టిన డబ్బు కంటే, ఆగాల్సిన పది రోజులు ఆగకపోవడమే ఎక్కువ బాధ ఆ ఇంట్లో.

ఇక డబ్బు. పెంబ్రోలిజుమాబ్ 100 మిల్లీగ్రాముల సీసాల్లో వస్తుంది. ఒక్క సీసాకే లక్షకు పైన. మామూలుగా రాసే డోసు 200, అంటే రెండు సీసాలు, మూడు వారాలకోసారి, పనిచేస్తూ ఉంటే రెండేళ్ల దాకా. 35 డోసులు, 70 సీసాలు. ఇది వినే అన్న చెలక మాట ఎత్తింది. 2023 ఏప్రిల్ నుంచి కేంద్రం ఈ మందు మీద కస్టమ్స్ సుంకం తీసేసింది, అయినా ధర మనకు అందేంత కిందికి దిగలేదు. 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితి పది లక్షలయింది, డెబ్బై దాటినవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ కార్డు 2024లో వచ్చింది. మేము చేరిన చోట మాత్రం ఏ కార్డు మీదా ఈ సూది రాదన్నారు.

అప్పుడు డాక్టరమ్మ, "తాత బరువెంత?" అంది. 46 కిలోలు.

ఈ మందుకు ఊపిరితిత్తుల కాన్సర్‌లో అమెరికా 2015లో మొదట అనుమతి ఇచ్చినప్పుడు డోసు కిలోకు 2 మిల్లీగ్రాములు. ఆ లెక్కన మా పెద్దనాయినకు 92. ఒక్క సీసా! అందరికీ ఒకటే 200 అన్న పద్ధతి తర్వాత వచ్చింది. అది వంద కిలోల మనిషికి సరిపోయే లెక్క. కిలోకు 2 ఇచ్చినా 10 ఇచ్చినా ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదని కీనోట్-010 ట్రయల్‌లో ముందే తేలింది. కెనడాలో, నెదర్లాండ్స్‌లో బరువును బట్టే ఇస్తున్నారు, డబ్బున్న దేశాలే అవి. మన ముసలివాళ్లలో వంద కిలోలు ఎంతమంది ఉంటారు? నలభై అయిదు, యాభై కిలోల మనుషులకు వంద కిలోల డోసు రాసి, కొనలేకపోతే "వయసైపోయింది లెండి" అని సర్దిచెప్పుకుంటున్నాం. నాకు అన్నిటికంటే కోపం వచ్చేది ఇక్కడే.

తక్కువ డోసు విషయంలో దారి చూపిస్తున్నది కూడా మన దేశమే. ముంబైలో టాటా మెమోరియల్ డాక్టర్లు తల, మెడ కాన్సర్ రోగుల్లో నివోలుమాబ్ అనే ఇమ్యునో సూదిని మామూలు డోసులో పదో వంతు కంటే తక్కువ, 20 మిల్లీగ్రాములే, మూడు వారాలకోసారి, చవక బిళ్లలతో కలిపి ఇచ్చి చూశారు. ఏడాది బతికినవాళ్లు వందకు 16 నుంచి 43కు పెరిగారు. అది వేరే కాన్సర్, కాబట్టి దాన్ని చూపించి ఊపిరితిత్తులకు అంత తక్కువ ఇవ్వమని నేను అనను. కానీ బరువు లెక్క వేయమని అడగడానికి ఏ రోగీ భయపడనక్కర్లేదు. 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెంబ్రోలిజుమాబ్‌ను ఊపిరితిత్తుల కాన్సర్‌కు కూడా అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. ప్రభుత్వం పీడీ-ఎల్1 యాభై దాటినవాళ్లకు, బరువు లెక్కన, టోకున కొని ఇస్తే ఎంత మందికి వస్తుందో లెక్క వేయడం కష్టమేమీ కాదు. ఈ లెక్క వేయకుండా "ఖరీదైన మందు" అని పక్కన పెట్టడం నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు.

కుక్క కరిచిన కథ. మూడు సూదులు పడ్డాక మే నెల వచ్చింది. పెద్దనాయిన నీరసపడిపోయాడు. పొద్దంతా నిద్ర, గొంతు బొంగురు, ముఖం ఉబ్బు, మలబద్ధకం. పెద్దమ్మ ఆడపిల్లలకు కబురు పెట్టింది. "ఇగ అయిపోయింది, మందు పని చేస్తలేదు" అన్నాడు అన్న. నేను ఆదివారం వెళ్లేసరికి, నలభై రెండు డిగ్రీల ఎండలో, రేకుల కప్పు కింద, ఆయన గొంగడి కప్పుకుని పడుకున్నాడు. "సలి పెడుతుంది బిడ్డా" అన్నాడు. జ్వరం లేదు. చెయ్యి పట్టుకుంటే చల్లగా, గరుకుగా ఉంది.

డాక్టరమ్మ ఇచ్చిన కాగితంలో థైరాయిడ్ అని రాసి ఉండడం గుర్తొచ్చింది. మర్నాడు రక్తం తీయించాం. థైరాయిడ్ మందగిస్తే పెరిగే టీఎస్‌హెచ్ అనే అంకె 68. అయిదు లోపు ఉండాల్సింది. విప్పిన కుక్క థైరాయిడ్ గ్రంథిని కరిచింది. ఈ సూది తీసుకునేవాళ్లలో పదిమందిలో ఒకరికి దాకా జరిగేదే, పైగా తేలిగ్గా సరిచేసుకోగలిగేది. పొద్దున్నే పరగడుపున చిన్న బిళ్ల, గుండె చూసుకుంటూ తక్కువతో మొదలు. నెల తిరిగేసరికి మంచం దిగి, జొన్నరొట్టె మెత్తగా లేదని పెద్దమ్మను తిట్టాడు. ఈతకల్లు తాగొచ్చా అని నాతో డాక్టరమ్మకు ఫోన్ చేయించాడు. ఆమె ఏమన్నదో ఇక్కడ రాయను.

ఆ పరీక్ష చేయించకపోతే ఏమయ్యేది? వయసు, కాన్సర్, ఇంకేముంది అని ఊరుకునేవాళ్లం. ముసలివాళ్లలో ఈ మందు చేసే ప్రమాదం అదే. దుష్ఫలితం వయసు వేషం వేసుకుని వస్తుంది. నీరసం థైరాయిడ్ కావచ్చు, అడ్రినల్ గ్రంథి కావచ్చు. ఆయాసం ఊపిరితిత్తుల వాపు కావచ్చు, విరేచనాలు పేగు వాపు కావచ్చు, ఉన్నట్టుండి షుగర్ ఆకాశానికి పోవచ్చు. ఇవి సూది ఆపిన నెలల తర్వాత కూడా రావచ్చు. ఇంట్లోవాళ్లు "పెద్దోళ్లకు ఉండేదే" అనే మాటను ఈ రెండేళ్లూ నాలుక మీదకు రానివ్వకూడదు. అలాగే ఊరి ఆర్‌ఎంపీకి ముందే చెప్పిపెట్టాలి. నీరసం అనగానే సెలైన్‌లో డెక్సా కలిపి ఎక్కించడం మా వైపు మామూలు. అది స్టెరాయిడ్. దుష్ఫలితం తీవ్రమైతే డాక్టర్లే స్టెరాయిడ్ ఇస్తారు, అది వేరే. ఊరికే ఇస్తే ఇప్పిన కుక్కను మళ్లీ మనమే కట్టేసినట్టు. మా ఆర్‌ఎంపీ మంచివాడు, కాగితం ఫొటో తీసి గోడకు అంటించుకున్నాడు.

డబ్బు ఎక్కడిది అన్నది ఇంకా చెప్పలేదు కదా. చెలక అమ్మలేదు.

పరీక్షలన్నీ అయ్యాక కూడా మేము ఆయనకు కాన్సర్ అని చెప్పలేదు. "ఊపిరితిత్తుల గడ్డ" అంటూ నెట్టుకొచ్చాం. సూది మొదలుపెట్టే ముందురోజు, అన్న చెలక బేరం గురించి ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతుంటే పెద్దనాయిన లేచి వచ్చాడు. "ఆస్పత్రి గోడ మీద తెలుగులనే రాసున్నది కాన్సరని. నేను నాలుగో తరగతి చదివిన" అన్నాడు. ఎవరికీ నోట మాట రాలేదు. తర్వాత నన్ను పిలిచి, ఎన్ని సూదులు, ఎంత పైసలు, పనిచేస్తదో లేదో ఎప్పుడు తెలుస్తది అని వరసగా అడిగాడు. మూడు నెలలకు స్కాన్ తీస్తారని చెప్పాను. "అయితే చెలక ముట్టకుండ్రి. అది పోతె మల్ల రాదు. గొర్లను అమ్ముండ్రి, గొర్లు మల్ల పెరుగుతయి. గొర్లు ఒడిసినంక నన్ను అడగకుండ ఏం చెయ్యకుండ్రి" అన్నాడు.

అరుగు మీద ఎనిమిది మందిమి రెండు గంటలు కొట్టుకున్నా తేలని లెక్కను ఆయన అయిదు నిమిషాల్లో తేల్చాడు. ఎంత వరకు ఖర్చు, ఎప్పుడు చూడాలి, ఎప్పుడు ఆపాలి, మూడూ అందులో ఉన్నాయి. ఆయనను అడగాలని మాకెందుకు తోచలేదో నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. నొప్పి, ఆయాసం చూసే పాలియేటివ్ కేర్ మాట కూడా ఆయనతోనే మాట్లాడాం. మన రాష్ట్రంలో జిల్లా ఆస్పత్రుల్లో ఆ కేంద్రాలు నడుస్తున్నాయి. అది చివరి రోజుల వైద్యం అని బావ అనుకునేవాడు, నేనూ అనుకున్నాను. 2010లో అమెరికాలో ఇదే కాన్సర్ ఉన్న 151 మంది మీద చేసిన అధ్యయనంలో, మొదటి నుంచే ఆ సేవ అందినవాళ్లు మామూలు వైద్యం ఒక్కటే అందినవాళ్ల కంటే రెండున్నర నెలలు ఎక్కువే బతికారు, బాధ కూడా తక్కువ పడ్డారు. సూదికి అర్హత రాని ముసలివాళ్ల ఇళ్లకు నేను మొదట చెప్పేది ఇదే.

మొదటి స్కాన్‌లో గడ్డ మూడో వంతు తగ్గింది. రెండోదానిలో సగమైంది. నీరు మళ్లీ చేరలేదు. తర్వాతి స్కాన్ ఎలా వస్తుందో తెలియదు, పెరిగిందంటే ఆపేస్తాం. ఇప్పటికి పదకొండు సూదులయ్యాయి. ఒక్కో డోసుకు ఒక్కో సీసా, పైగా కంపెనీ సాయం కింద కొన్ని కొంటే కొన్ని ఉచితంగా వచ్చాయి కాబట్టి మంద ఇంకా పూర్తిగా తరగలేదు. మొన్న వెళ్లినప్పుడు దొడ్లో పద్నాలుగు గొర్లున్నాయి. వాటిలో మూడు చూడివి. పుట్టబోయే పిల్లలను సూదుల లెక్కలో కలపాలా వద్దా అని పెద్దనాయిన, అన్న వాదించుకుంటున్నారు.